వంతెన కింది నేల: భూకంప సమయంలో మృత్తిక, పునాదుల ప్రభావం

1. పరిచయం

1964 జూన్ 16న జపాన్‌లోని నీగాత నగరాన్ని 7.5 పరిమాణం గల భూకంపం కుదిపింది. ఆ నగరం మధ్యగా షినానో నది ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. ఆ నదిపై ఉన్న వంతెనల్లో రెండింటిని గమనించండి. ఒకటి బందాయ్ వంతెన. 1929లో కట్టిన కాంక్రీటు కమాను వంతెన ఇది. రెండవది షోవా వంతెన. ఉక్కు పైళ్ల మీద ఉక్కు గర్డర్లు పరచి కట్టిన ఈ వంతెన భూకంపానికి సుమారు నెల రోజుల ముందే పూర్తయింది. ఒడ్డు దగ్గర దెబ్బలు తగిలినా పాత వంతెన కమానులు నిలిచాయి. కొత్త వంతెన గర్డర్లు అయిదు నదిలో పడిపోయాయి.

ఇంతకంటె ఆశ్చర్యం కలిగించే విషయం మరొకటుంది. షోవా వంతెన కూలడం చూసినవారి కథనం ప్రకారం, కదలిక మొదలైన సుమారు 70 సెకన్ల తరువాత, అంటే తీవ్రమైన ఊపు తగ్గిపోయాక గర్డర్లు పడ్డాయి. నేల ఊగుతున్నప్పుడు నిలిచిన వంతెన ఊపు తగ్గాక ఎందుకు కూలింది?

వంతెన డెక్‌ను, స్తంభాలను మాత్రమే చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. నిర్మాణ విశ్లేషణ మొదట నేర్చుకునేటప్పుడు స్తంభం అడుగు నేలలో కదలకుండా బిగించి ఉందనుకుని లెక్కలు చేస్తాం. లెక్క తేలిక కావడానికి అది మంచి ఊహే. కాని నిజమైన స్తంభం పునాది మీద, పునాది మృత్తిక మీద, మృత్తిక రాతి మీద ఉంటాయి. భూకంపం రాతి నుంచి బయలుదేరి ఈ వరుసలోనే పైకి వస్తుంది. ఈ భాగం చదివాక మీరు మూడు సంగతులు వివరించగలగాలి: మృత్తిక భూకంప కంపనాన్ని ఎలా మారుస్తుంది, అదే మృత్తిక వంతెన ఊగే తీరును ఎలా మారుస్తుంది, మృత్తికే బలం కోల్పోతే పునాదికి ఏమవుతుంది.

2. కంపనం రాతి నుంచి మృత్తికలోకి

గట్టి పళ్లెంలో జున్ను ముక్క పెట్టి పళ్లేన్ని మెల్లగా అటూ ఇటూ కదపండి. పళ్లెం కొద్దిగానే కదులుతుంది. జున్ను పైభాగం అంతకంటె ఎక్కువగా, కొంచెం ఆలస్యంగా ఊగుతుంది. రాతి మీద పరచుకున్న మెత్తని బంకమట్టి పొర కూడా ఇంచుమించు ఇలాగే ప్రవర్తిస్తుంది.

దీనికి మొదటి కారణం తరంగ వేగం తగ్గడం. భూకంపంలో వంతెనలకు ఎక్కువ హాని చేసేవి తిర్యక్ తరంగాలు. గట్టి రాతిలో వీటి వేగం సెకనుకు 2,400 మీ. ఉందనుకుందాం. మెత్తని బంకమట్టిలో అది 150 మీటర్లకు పడిపోవచ్చు. తరంగం మోసే శక్తి ప్రవాహం మూడింటి లబ్ధానికి అనుపాతంలో ఉంటుంది: పదార్థ సాంద్రత, తరంగ వేగం, కణాల వేగపు వర్గం. ఇక్కడ రెండు వేగాలున్నాయి, కలగలపవద్దు. తరంగం ప్రయాణించే వేగం ఒకటి, ఆ తరంగం వల్ల నేల కణం అటూ ఇటూ కదిలే వేగం మరొకటి. సాంద్రతలో తేడాను, దారిలో కలిగే శక్తి నష్టాలను ప్రస్తుతానికి వదిలేద్దాం. తరంగ వేగం 16వ వంతు అయినప్పుడు శక్తి ప్రవాహం మారకుండా ఉండాలంటే కణవేగపు వర్గం 16 రెట్లు కావాలి. అంటే కణవేగం 4 రెట్లవుతుంది. రాతిలో చిన్నగా ఉన్న కదలిక మెత్తని నేల పైకి వచ్చేసరికి పెద్దదవుతుంది.

రెండవ కారణం అనునాదం. ఒక చివర మూసిన గొట్టంలో గాలి స్తంభం కంపించడం గురించి మీరు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. మూసిన చివర కదలిక ఉండదు, తెరిచిన చివర గరిష్ఠంగా ఉంటుంది. గొట్టం పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు అయినప్పుడు మొదటి అనునాదం వస్తుంది. మృత్తిక పొరకు అడుగున రాయి మూసిన చివర వంటిది, పైన నేలమట్టం తెరిచిన చివర వంటిది. కాబట్టి,

పొర సహజ ఆవర్తన కాలం = 4 × పొర మందం ÷ తిర్యక్ తరంగ వేగం

35 మీ. మందం, సెకనుకు 150 మీ. వేగం ఉన్న బంకమట్టి పొరకు ఇది 140 ÷ 150, అంటే సుమారు 0.93 సెకను. 8 మీ. మందం, 300 మీ. వేగం ఉన్న గట్టి ఇసుక పొరకు 32 ÷ 300, అంటే 0.11 సెకను. రాతిలో వచ్చే భూకంపంలో అన్ని రకాల ఆవర్తన కాలాలు గల కదలికలూ కలిసి ఉంటాయి. ఆ కలగూరగంపలోంచి ప్రతి నేలా తన ఆవర్తన కాలానికి దగ్గరగా ఉన్న వాటిని ఏరుకుని పెద్దవి చేస్తుంది. మెత్తని లోతైన నేల నెమ్మదైన ఊపులను, గట్టి పలుచని నేల వేగవంతమైన ఊపులను ఎన్నుకుంటాయి.

1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరంలో జరిగింది ఇదే. భూకంప కేంద్రం దాదాపు 400 కి.మీ. దూరంలో ఉన్నా, పూర్వం సరస్సు ఉన్న చోట పేరుకున్న బంకమట్టి సుమారు 2 సెకన్ల ఆవర్తన కాలంతో నగరాన్ని ఊపేసింది.

ఒక హెచ్చరిక. కంపనం మరీ తీవ్రమైతే మెత్తని నేల ఇంకా మెత్తబడుతుంది, శక్తిని తనలో ఎక్కువగా పీల్చుకుంటుంది. అందువల్ల చిన్న భూకంపంలో కొలిచిన పెంపును పెద్ద భూకంపానికి యథాతథంగా వర్తింపజేయకూడదు. ఆవర్తన కాలం కూడా అప్పుడు పైన లెక్కించిన దానికంటె పెరుగుతుంది.

3. ఓక్లండ్: ఒకే వంతెన, రెండు రకాల నేల

1989 అక్టోబరు 17 సాయంత్రం అమెరికాలోని కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. పరిమాణం 6.9. భూకంప కేంద్రం నుంచి దాదాపు 90 కి.మీ. దూరంలో ఉన్న ఓక్లండ్‌లో సైప్రస్ వయాడక్ట్ అనే రెండంతస్తుల కాంక్రీటు రహదారి వంతెన ఉండేది. సుమారు 2 కి.మీ. మేర దాని పై అంతస్తు కింది అంతస్తు మీద కూలి 42 మంది మరణించారు. ఆ భూకంపంలో మరణించినవారు మొత్తం 63 మంది. మూడింట రెండు వంతుల మరణాలు ఈ ఒక్క వంతెన దగ్గరే సంభవించాయన్నమాట.

వంతెన అంతా కూలలేదన్నది మనకు పాఠ్యాంశం. కూలిన భాగం శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు మెత్తని బురద మట్టి మీద ఉంది. అదే కాలంలో అదే తరహాలో కట్టిన దక్షిణ భాగం గట్టి ఇసుక, గులకరాళ్ల నేల మీద ఉంది, అది నిలిచింది. ప్రధాన భూకంపం తరువాత వచ్చే చిన్న ప్రకంపనలను శాస్త్రవేత్తలు రెండు చోట్లా, దగ్గరలోని రాతి మీదా పరికరాలతో నమోదు చేశారు. బురద మట్టి మీద కదలిక రాతి మీది కదలికకు అనేక రెట్లు ఉంది.

ఇంత చెప్పాక కూడా తప్పంతా నేలదేనని రాస్తే పరీక్షలో మీకు పూర్తి మార్కులు రావు. 1950లలో కట్టిన ఆ వంతెనలో స్తంభాలు, దూలాలు కలిసే చోట తగినంత అడ్డు ఉక్కు లేదు. నేల ఊపును పెంచింది, నిర్మాణంలోని బలహీనత దానికి లొంగిపోయింది. ప్రమాదాల గురించి చదివేటప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా గుర్తించడం అలవాటు చేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 24 మీ. మందం, సెకనుకు 160 మీ. తరంగ వేగం గల మృత్తిక పొర సహజ ఆవర్తన కాలం ఎంత? వర్షాకాలపు వరద ఇంకో 4 మీటర్ల ఒండ్రును అదే వేగంతో చేర్చితే అది ఎంతవుతుంది? (జవాబులు: 0.60 సెకను, 0.70 సెకను)

4. వంతెన, నేల కలిసి ఊగడం

ఇప్పటివరకు నేల కంపనాన్ని మార్చడం చూశాం. రెండవ ప్రభావం దీనికి భిన్నమైనది: నేల వంతెనను కూడా మారుస్తుంది. బిగించిన అడుగుకు బదులు స్తంభం కింద కొద్దిగా జరిగే, కొద్దిగా ఒరిగే పునాది ఉంటే మొత్తం వ్యవస్థ మెత్తబడి, దాని ఆవర్తన కాలం పెరుగుతుంది. దీనినే మృత్తిక–నిర్మాణ పరస్పర చర్య అంటారు.

ఒక లెక్క చేద్దాం. ఒక స్తంభం తలమీద 600 టన్నుల ద్రవ్యరాశి ఉంది. స్తంభపు పార్శ్వ దృఢత మీటరుకు 60,000 కిలోన్యూటన్లు. స్తంభం ఎత్తు 10 మీ. అడుగు పూర్తిగా బిగించి ఉందనుకుంటే,

ఆవర్తన కాలం = 6.28 × √(ద్రవ్యరాశి ÷ దృఢత) = 6.28 × √(600 ÷ 60,000) = 0.63 సెకను

ఇప్పుడు పునాదిని లెక్కలోకి తెద్దాం. పునాది పక్కకు జరగడానికి చూపే దృఢత మీటరుకు 3,00,000 కిలోన్యూటన్లు. ఒరగడానికి చూపే దృఢత రేడియనుకు 60,00,000 కిలోన్యూటన్–మీటర్లు. తల మీద బలం ప్రయోగించినప్పుడు మూడు కదలికలు కలుస్తాయి: స్తంభం వంగడం, పునాది జరగడం, పునాది ఒరగడం. ఒరిగినప్పుడు తల ఎంత కదులుతుందన్నది ఎత్తు వర్గం మీద ఆధారపడుతుంది. కాబట్టి ఒక కిలోన్యూటన్ బలానికి తల కదిలే దూరం:

1 ÷ 60,000 + 1 ÷ 3,00,000 + 100 ÷ 60,00,000 = 11 ÷ 3,00,000 మీటర్లు

దీని విలోమమే ఫలిత దృఢత, సుమారు 27,270. దీనితో ఆవర్తన కాలం 6.28 × √(600 ÷ 27,270) = 0.93 సెకను. పునాది ఒరగడం వల్ల కలిగిన కదలిక స్తంభం వంగడంతో సమానంగా ఉందని గమనించండి. ఒరగడం కంటికి కనిపించనంత చిన్న కోణమే. కాని పొడవైన స్తంభం దాన్ని పైన పెద్దది చేసి చూపిస్తుంది.

ఆవర్తన కాలం పెరిగితే లాభమా, నష్టమా? చాలాకాలం ఇంజనీర్లు లాభమనే అనుకున్నారు. ఎందుకో ఐఎస్ 1893 ప్రమాణంలోని వర్ణపట వక్రం చూస్తే తెలుస్తుంది. మెత్తని నేలకు ఆ వక్రం 0.67 సెకను దాకా 2.5 దగ్గర సమతలంగా ఉండి, తరువాత 1.67 ÷ ఆవర్తన కాలం చొప్పున తగ్గుతుంది. మన వంతెనకు 0.63 దగ్గర విలువ 2.5, 0.93 దగ్గర 1.8. బలం నాలుగో వంతుకు పైగా తగ్గింది. అందుకే పరస్పర చర్యను లెక్కించకుండా వదిలేస్తే క్షేమం వైపే పొరపడతామన్న నమ్మకం స్థిరపడింది.

ఈ నమ్మకంలో రెండు లోపాలున్నాయి. ప్రమాణంలోని వక్రం ఎన్నో చోట్ల నమోదైన కంపనాలను సగటు చేసి, నునుపు చేసి గీసినది. అది మీ స్తంభం కింది నేల వక్రం కాదు. రెండవ విభాగంలో మనం లెక్కించిన 35 మీటర్ల బంకమట్టి పొర ఆవర్తన కాలం గుర్తుందా? 0.93 సెకను. మన వంతెన సరిగ్గా ఆ నేల మీదే ఉందనుకోండి. బిగించిన అడుగుతో 0.63 దగ్గర ఉండవలసిన వంతెనను మెత్తని నేల 0.93కు లాక్కొచ్చింది. ఆ నేల తానూ 0.93 దగ్గరే ఊగుతోంది. తప్పించుకుంటుందనుకున్న వంతెన నేరుగా అనునాదంలోకి వెళ్లింది. సగటు వక్రం ఇక్కడ లోయ చూపిస్తుంది, నిజమైన నేల శిఖరం చూపిస్తుంది.

రెండవ లోపం స్థానభ్రంశానికి సంబంధించినది. అది త్వరణానికి, ఆవర్తన కాలపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ప్రమాణపు విలువలే తీసుకున్నా 0.63 వర్గం × 2.5 = 0.99; 0.93 వర్గం × 1.8 = 1.56. బలం తగ్గినా డెక్ కదిలే దూరం ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగింది. బలం లెక్క చూసి సంతోషించిన ఇంజనీరు గర్డరు కింద ఆనిక వెడల్పు చాలుతుందో లేదో చూడకపోతే, స్తంభం విరగకుండానే గర్డరు జారి పడుతుంది.

1995 జనవరి 17న జపాన్‌లోని కోబె నగరంలో హాన్‌షిన్ ఎక్స్‌ప్రెస్‌వే ఫుకాయె భాగం 635 మీటర్ల మేర పక్కకు ఒరిగి పడిపోయింది. ఒంటి స్తంభాల మీద నిలిచిన రహదారి అది. ఆ స్తంభాల్లో నిలువు కమ్మీలను మధ్యలోనే ఆపేయడం, అడ్డు ఉక్కు చాలకపోవడం వంటి లోపాలు నిజం. అయితే జార్జ్ మైలొనాకిస్, జార్జ్ గజెటాస్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన వ్యాసంలో మరో సంగతి చూపించారు. అక్కడి మృత్తిక కంపనాన్ని నెమ్మదైన ఊపుల వైపు మార్చింది. పైళ్ల పునాది అనువు వల్ల వంతెన ఆవర్తన కాలం కూడా అటువైపే జరిగింది. రెండూ కలిసి స్తంభాల మీద భారాన్ని పెంచాయి. పరస్పర చర్య ఎప్పుడూ మేలే చేస్తుందన్న పాత నమ్మకాన్ని ప్రశ్నించిన ముఖ్యమైన వ్యాసాల్లో అదొకటి.

5. నేల బలం కోల్పోయినప్పుడు

ధాన్యం కొలిచేటప్పుడు కుంచాన్ని రెండు సార్లు తడితే గింజలు సర్దుకుని మట్టం కిందికి దిగుతుంది. వదులుగా పేరుకున్న ఇసుకను కుదిపినా అంతే. ఇసుక పొడిగా ఉంటే ఇబ్బంది లేదు. గింజల మధ్య గాలి బయటికి పోతుంది, నేల కాస్త కుంగుతుంది. కాని ఆ ఖాళీలన్నీ నీటితో నిండి ఉంటే? గింజలు దగ్గరవ్వాలని చూస్తాయి. నీరు తప్పుకోవాలి. కొన్ని సెకన్లలో అంత నీరు పోవడానికి దారి లేదు. దాంతో అంతవరకు గింజ మీద గింజ మోస్తున్న బరువు నీటి మీద పడుతుంది. రంధ్ర జలపీడనం పెరుగుతుంది, గింజల మధ్య ఒత్తిడి తగ్గుతుంది. ఇసుక బలమంతా గింజల మధ్య ఘర్షణలోనే ఉంది. ఒత్తిడి లేకపోతే ఘర్షణ లేదు. ఇసుక చిక్కని ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీనినే ద్రవీకరణం అంటారు. ఇది జరగాలంటే మూడూ కలవాలి: వదులైన ఇసుక, పైకంటా ఉన్న భూగర్భ జలం, తగినంత సేపు సాగే కంపనం. నది ఒడ్డున మొదటి రెండూ తరచుగా సిద్ధంగా ఉంటాయి. వంతెనలేమో నదుల మీదే కట్టాలి.

ఇప్పుడు షోవా వంతెన దగ్గరకు వద్దాం. దాని పైళ్లు సుమారు 60 సెం.మీ. వ్యాసం, 25 మీ. పొడవు గల ఉక్కు గొట్టాలు. భూకంపం తరువాత ఒక పైలును పైకి లాగి చూశారు. నది అడుగు నుంచి ఏడెనిమిది మీటర్ల లోతున అది వంగి ఉంది. నీటిమట్టం దగ్గర కాదు, గర్డరు దగ్గర కాదు, నేల లోపల వంగింది. ఎందుకో ఊహించండి. నది అడుగున పై పది మీటర్ల వరకు ఇసుక ద్రవీకరణం చెందిందని అంచనా. అంతవరకు పైలును చుట్టూ పట్టి ఉంచిన ఇసుక పట్టు వదిలేసింది. నది అడుగు దగ్గర మొదలయ్యే స్తంభం ఒక్కసారిగా గట్టి ఇసుక దాకా పొడవు పెరిగింది. స్తంభపు పార్శ్వ దృఢత పొడవు ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. పట్టులేని పొడవు రెట్టింపైతే దృఢత ఎనిమిదో వంతవుతుంది, ఆవర్తన కాలం దాదాపు 2.8 రెట్లవుతుంది. నిలువు బరువుకు పక్కకు వంగిపోకుండా నిలిచే శక్తి కూడా నాలుగో వంతుకు పడిపోతుంది.

ఊపు తగ్గాక ఎందుకు కూలిందన్న మన మొదటి ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకడం మొదలవుతుంది. జలపీడనం పెరగడానికి కొంత సమయం పట్టింది, తగ్గడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. నేల బలహీనంగా ఉండే వ్యవధి కంపన వ్యవధి కంటె పెద్దది. ఆ వ్యవధిలో పైళ్లను వంచినది ఏమిటన్న దాని మీద మాత్రం పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. ద్రవీకరణం చెందిన ఒడ్డు నేల నది వైపు జారి పైళ్లను నెట్టిందని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. నీగాతలో ఒడ్డులు మీటర్ల కొద్దీ జరిగిన మాట వాస్తవమే. ఆధారం పోయిన పైళ్లు తమ మీది బరువుతో, పెరిగిన ఆవర్తన కాలంతో నెమ్మదిగా పెద్దగా ఊగి, గర్డర్లను ఆనిక మీంచి జార్చాయని తరువాతి విశ్లేషణలు వాదించాయి. నది మధ్యలో నేల వాలు ఎక్కువగా ఉండదు కనుక అక్కడి స్తంభాలకు రెండవ వివరణే బాగా నప్పుతుందని నాకనిపిస్తుంది. మీరు రెండింటినీ తెలుసుకుని ఉండాలి.

6. బావి పునాది, పైలు పునాది

బందాయ్ వంతెన ఎందుకు నిలిచింది? దాని స్తంభాలు సన్నని గొట్టాల మీద లేవు. గాలి ఒత్తిడితో నీటిని బయటే ఆపి, లోపల మనుషులు తవ్వుతూ నేలలోకి దింపిన బరువైన కైసన్‌ల మీద ఉన్నాయి. మన దేశంలో దీనికి దగ్గరి బంధువు బావి పునాది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి వంతెనల స్తంభాలు ఇలాంటి బావుల మీదే నిలిచాయి. దీన్ని కట్టే పద్ధతి పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఇసుక మీద వలయాకారంలో అడుగు అంచు పెట్టి, దానిపై గోడ కడుతూ, లోపలి ఇసుకను తోడేస్తూ పోతే బావి తన బరువుకు తానే దిగుతుంది. కావలసిన లోతుకు చేరాక అడుగును కాంక్రీటుతో మూస్తారు. దీనినే బావి దింపడం అంటారు.

భూకంపంలో ఈ రెండు రకాల పునాదుల స్వభావం వేరు. బావి అనేక మీటర్ల వ్యాసం గల దృఢమైన మొద్దు. చుట్టూ ఉన్న పై పొర ఇసుక పట్టు వదిలినా అది వంగదు. అయితే ఒరగవచ్చు, దాని సొంత ద్రవ్యరాశి వల్ల దాని మీద కూడా భూకంప బలం పడుతుంది. పైలు సన్ననిది, అనువైనది. గట్టి నేలలో అది మట్టితో పాటే కదులుతుంది. మెత్తని పొర, గట్టి పొర కలిసే చోట నేల రెండు రకాలుగా కదలడంతో పైలు అక్కడ వంగుతుంది. పైన వంతెన లేకపోయినా ఆ వంపు తప్పదు. అందువల్ల పైలు తలలోనే కాక పొరల సరిహద్దు దగ్గర కూడా కమ్మీలు చాలినన్ని ఉండాలి.

పైలుకు, మట్టికి మధ్య పట్టు కూడా శాశ్వతం కాదు. 1989 భూకంపంలోనే కాలిఫోర్నియాలో వాట్సన్‌విల్ దగ్గర స్ట్రూవ్ స్లూ అనే చిత్తడి మీది వంతెన కూలింది. మెత్తని మట్టిలో అటూ ఇటూ ఊగిన పైళ్లు తమ చుట్టూ ఖాళీ చేసుకున్నాయి. స్తంభాలు డెక్ నుంచి విడిపోగా, కిందికి పడిన డెక్‌ను కొన్ని స్తంభాలు పొడుచుకుని పైకి వచ్చాయి. ఆ ఫొటోలు ఒకసారి చూస్తే మరచిపోలేం.

మన నదులకు సంబంధించి ఇంకొక సంగతి ఉంది. వరదలో స్తంభం చుట్టూ ఇసుక కొట్టుకుపోతుంది. ఈ అడుగు కోత వల్ల బావి నేలలో పాతుకుని ఉండే లోతు తగ్గుతుంది, ఒరగడానికి చూపే దృఢత పడిపోతుంది. అంటే ఒకే వంతెనకు వేసవిలో ఒక ఆవర్తన కాలం, వరద తరువాత మరొక ఆవర్తన కాలం. గరిష్ఠ కోత, గరిష్ఠ భూకంపం ఒకే రోజున వస్తాయనుకోవడం అతి జాగ్రత్త. అసలు కోతే ఉండదనుకోవడం అజాగ్రత్త. రూపకర్త ఈ రెండింటి మధ్య ఒక లోతును ఎంచుకోవాలి.

7. పొడవైన వంతెన, రెండు ఒడ్డులు

ఇంటి పునాది అంతా ఒకే నేల మీద ఉంటుంది. దాదాపు 3 కి.మీ. పొడవున్న వంతెనకు ఆ అదృష్టం లేదు. ఒక స్తంభం కింద రాయి, ఇంకో స్తంభం కింద బంక, నడుమ ఇసుక ఉండవచ్చు. నేల మీద తరంగం సెకనుకు 3 కి.మీ. వేగంతో సాగినా ఒక చివర మొదలైన కదలిక రెండో చివరకు చేరేసరికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ వ్యవధిలో పక్కపక్క స్తంభాలు వ్యతిరేక దిశల్లో ఉండవచ్చు. గర్డర్లు ఒకదాన్నొకటి ఢీకొంటాయి, లేదా విడిపోయి ఆనిక తప్పుతాయి.

ఒడ్డు సంగతి వేరు. వంతెన చివరి ఆనిక వెనుక ఎత్తుగా పోసిన మట్టికట్ట ఉంటుంది. దాని అడుగు నేల మెత్తబడితే కట్ట కుంగుతుంది, నది వైపు జారుతుంది, ఆనికను లోపలికి నెడుతుంది. 1995లో కోబె దగ్గర సముద్రాన్ని పూడ్చి వేసిన నేల జరగడంతో నిషినోమియా వంతెన పక్క స్పాను ఒకటి పడిపోయింది. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపంలో కచ్ఛ్‌ను మిగతా గుజరాత్‌తో కలిపే సూరజ్‌బారి వంతెన దగ్గర బేరింగులు దెబ్బతిన్నాయి, ఒడ్డు కట్టలు కుంగాయి. వంతెన మొత్తంగా నిలిచినా కట్ట కుంగితే అంబులెన్సు దాటలేదు. సహాయక చర్యలకు ఆ మొదటి రోజులే కీలకం కాబట్టి రూపకర్త కట్టను కూడా వంతెనలో భాగంగానే చూడాలి.

8. నేలను తెలుసుకోవడం

ఐఎస్ 1893 ప్రమాణం 2016 ముద్రణ ప్రకారం విజయవాడ మూడవ మండలంలో, హైదరాబాదు రెండవ మండలంలో ఉన్నాయి. 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపాలు మన ప్రాంతం పూర్తిగా నిశ్చలం కాదని చూపాయి. అయితే మండలం సంఖ్య ఒక విశాల ప్రాంతానికి వర్తించేది. మీ స్తంభం కింద ఏముందో అది చెప్పదు. ఒకే మండలంలో రాతి గుట్ట పక్కన కట్టే వంతెన, కృష్ణా డెల్టా ఒండ్రులో కట్టే వంతెన ఒకే భూకంపాన్ని వేర్వేరుగా అనుభవిస్తాయి.

అందుకే ప్రతి స్తంభం దగ్గరా బోరు వేసి చూడాలి. అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి స్టాండర్డ్ పెనిట్రేషన్ పరీక్ష. 63.5 కిలోల సుత్తిని 75 సెం.మీ. ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెం.మీ. దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. అదే ఎన్ విలువ. ప్రమాణం ప్రకారం స్థూలంగా 30కి పైన ఉంటే గట్టి నేల, 10 నుంచి 30 వరకు మధ్యరకం, 10 లోపు మెత్తని నేల. నీటిమట్టం కింద ఉన్న ఇసుకలో తక్కువ ఎన్ విలువ కనిపిస్తే ద్రవీకరణ పరిశీలన తప్పనిసరి. ముఖ్యమైన వంతెనలకు తిర్యక్ తరంగ వేగాన్ని నేరుగా బోరులో కొలవడం మేలు, ఎందుకంటే రెండవ విభాగంలోని సూత్రానికి కావలసింది అదే. ఖర్చు తగ్గించడానికి రెండు ఒడ్డుల్లో మాత్రమే బోరు వేసి నది మధ్యను ఊహించడం కొన్ని చోట్ల కనిపించే అలవాటు. నది తన పాత పాయలను ఎక్కడ పూడ్చిపెట్టిందో ఒడ్డున వేసిన బోరు చెప్పదు.

అభ్యాసం: ఒక స్తంభం తలమీద 400 టన్నుల ద్రవ్యరాశి ఉంది. ఎత్తు 8 మీ., స్తంభ దృఢత మీటరుకు 1,00,000 కిలోన్యూటన్లు. పునాది జరగడానికి దృఢత మీటరుకు 4,00,000 కిలోన్యూటన్లు, ఒరగడానికి దృఢత రేడియనుకు 1,28,00,000 కిలోన్యూటన్–మీటర్లు. కింద 20 మీ. మందం, సెకనుకు 200 మీ. తరంగ వేగం గల మృత్తిక ఉంది. నేల ఆవర్తన కాలాన్ని, అడుగు బిగించినప్పుడు, పునాదిని కలుపుకున్నప్పుడు, వరద కోతతో ఒరుగు దృఢత సగమైనప్పుడు వంతెన ఆవర్తన కాలాలను కనుక్కోండి. నాలుగో విభాగంలోని వంతెనకు, ఈ వంతెనకు పరస్పర చర్య ఒకే ఫలితాన్ని ఇచ్చిందా? (జవాబులు: నేలకు 0.40 సెకను, వంతెనకు వరుసగా 0.40, 0.53, 0.60 సెకను. ఇక్కడ పునాది అనువు వంతెనను అనునాదం నుంచి దూరంగా జరిపింది, కాని డెక్ స్థానభ్రంశాన్ని మీరు విడిగా సరిచూడాలి.)